సాలీడు లేని మూల

ఇంటి దగ్గర్నుంచి,
విత్తనాలు వెయ్యకముందు

చిట్టికి,

అందరం బాగున్నాం అని ముందు రాయాలి కాబట్టి రాస్తున్నాను. బాగున్నాం. ఇక అసలు సంగతి.

నిన్న పొద్దున పొలానికి వెళ్లేసరికి ఎవరో ఒకాయన నల్ల గొడుగు వేసుకుని మన గట్ల వెంబడి తిరుగుతున్నాడు. చేతిలో ఫోన్ లాంటిదేదో ఉంది. కాస్త నడుస్తాడు, ఆగుతాడు, దానికేసి చూస్తాడు, మళ్లీ నడుస్తాడు. పడమటి గట్టు పొడవునా వెదురు పుల్లలు పాతుకుంటూ వచ్చాడు. గట్టు మీద కాదు, బాగా ఇవతలికి, మన చేలోపల. "ఎవరయ్యా నువ్వు, ఏం కొలుస్తున్నావు?" అంటే "మేడం గారు పంపించారండి" అన్నాడు. ఆ మేడం ఎవరా అనుకున్నాను. తీరా చూస్తే నువ్వే.

సాయంత్రం మీ అన్నయ్యని అడిగాను. ఆయన సంగతి నీకు తెలిసిందే, సూటిగా అడిగిన దేనికీ సూటిగా చెప్పరు. కాళ్లు కడుక్కున్నారు, తుడుచుకున్నారు, తుడుచుకున్న కాళ్లే మళ్లీ కడుక్కున్నారు. "చిట్టి ఏదో కాగితాల పనిలో ఉంది. ఉన్నట్టుండి కొలతలు ఎందుకు కావాల్సి వచ్చాయో మరి. నీకు అర్థం కావట్లేదా?" అన్నారు.

అర్థమైంది. ఈ పొలంలో నీకూ హక్కుంది, నేను కాదనను. కావాలంటే నోరు తెరిచి అడుగు. మందులు లేని పత్తి, భూమి బాగు, రైతుకి న్యాయం అంటూ చుట్టూ తిప్పి, గొడుగు వాళ్లని పంపి కొలిపించుకోవడం ఏం బాగాలేదు. నీకు చదువుందని మాకు బుర్ర లేదనుకోకు.

పుల్లలు పీకేశాను. చిక్కుడు పాదుకి పందిరి వేశాను.

ఫోన్ చెయ్యకు. అది మీ అన్నయ్య జేబులో ఉంటుంది, ఆయన పక్కన నిలబడి వింటుంటే నేను "ఊ", "ఆ" తప్ప ఏమీ అనలేను. జవాబు కుట్టుమిషన్ ఆవిడ ఇంటికి రాయి. ఆవిడకి చదవడం రాదు, చదివించుకుని వినాలన్న యావా లేదు.

వదిన


పట్నం,
ఆఫీసు మేడ మీద గది

వదినా,

నీ ఉత్తరం చదివి మడిచి జేబులో పెట్టుకున్నాను. బస్సులో మళ్లీ తీసి చదివాను. కోపం వచ్చింది, దాచను. కానీ అడిగావు కాబట్టి చెప్తాను.

మందుల్లేకుండా పండించిన పత్తి అని అమ్మాలంటే, ఆ పొలం ఎక్కడినుంచి ఎక్కడిదాకో ముందు చూపించాలి. కొనేవాళ్లు వేరే దేశాల్లో ఉంటారు, వాళ్లు మన మొహాలు చూసి నమ్మరు. పడమటి గట్టు అవతలాయన మందు కొడితే గాలికి మన మొక్కల మీదా పడుతుంది. అందుకని ఆ పక్కన కొంత మేర పత్తిని విడిగా ఏరి, మామూలు పత్తిగానే అమ్ముకోవాలి. నువ్వు పందిరి వేసుకున్న పుల్లలు దానికి హద్దు. నా వాటాకి కాదు.

ఇందులో సుఖం మొదటే రాదు. భూమి తేరుకునేదాకా దిగుబడి తగ్గుతుంది. నేను అబద్ధం చెప్పి ఎవర్నీ చేర్చను. కానీ ధర విత్తనం వెయ్యకముందే ఖాయం చేసుకుంటాం, బజారు పడిపోయినా అంతకంటే తగ్గించకూడదు. పైన చేరిన రైతుల సంఘానికని విడిగా కొంత వస్తుంది. దాన్నేం చెయ్యాలో మీరే చేతులెత్తి తేల్చుకోవచ్చు. ఒకటి మాత్రం మర్చిపోకు. అందరి పత్తీ ఒకే బండిలో కలిసి వెళ్తుంది. ఒక్కరు చాటుగా మందు కొట్టినా అందరిదీ పోతుంది, అందరూ మళ్లీ మొదటికొస్తారు.

మన పొలంతోనే ఎందుకు మొదలుపెట్టానంటావా? మా వాళ్లే చెయ్యని పని మిమ్మల్ని చెయ్యమంటే ఊళ్లో ఎవరు వింటారు?

ఇంకో మాట. అన్నయ్య ఫోన్లో ఒక్క మాటకే సరే అన్నాడు. "నాకేం అభ్యంతరం లేదు చిట్టీ, మీ వదినే ఒప్పుకోదు. దాన్ని దాటి నేనేం చెయ్యను" అన్నాడు. అందుకే నీకే రాస్తున్నాను. నీకు ఇష్టం లేకపోతే వద్దను, మానేస్తాను. కానీ అది వాటా భయంతో మాత్రం కాకూడదు.

చిట్టి


ఇంటి దగ్గర్నుంచి,
మొలకలు వచ్చాక

చిట్టికి,

నేను ఒప్పుకోనన్నానా? నన్నెవరు అడిగారని ఒప్పుకోకపోవడానికి? సరే, మగవాళ్లు ఫోన్లో సవాలక్ష అంటారు, వదిలెయ్.

బడి వరండాలో మీ మీటింగుకి వెళ్లాను. మీ గొడుగాయన బాగానే చెప్పాడు, కాకపోతే మధ్యలో మీ ఆఫీసు మాటలు దొర్లించకుండా ఉంటే ఇంకా బాగా అర్థమయ్యేది. పిలవకుండానే మందుల కొట్టాయన కూడా వచ్చి వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అంతా విని, "పురుగు పడ్డ రోజున ఈ గొడుగు అడ్డం పెడతారా?" అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత నాకేసి తిరిగి, "ఏమ్మా, మీ ఆడపడుచు జీతం తీసుకుని మీ చేత ప్రయోగం చేయిస్తోంది. పోతే పోయేది మీ పంట, ఆవిడ ఉద్యోగం కాదుగా" అన్నాడు.

నాకూ అదే అనుమానం ఉంది చిట్టీ. అది ఆయన నోటినుంచి వినేసరికి ఒళ్లు మండింది. "మా ఆడపడుచు సంగతి మేం చూసుకుంటాం. నీ మందు కలిపిన వారం నా చేతి అన్నం నాకే చేదుగా ఉంటుంది. అదేమిటో నువ్వు చెప్పు" అన్నాను.

మీ అన్నయ్య పేరు మీద సంఘంలో చేరాం. నమ్మి చేరాననుకోకు. చేరి దగ్గరుండి చూస్తే గానీ ఇందులో ఏముందో తెలియదని చేరాను. మందు కొట్టే డబ్బా కడిగి పాకలో దూలం మీద బోర్లించాను. చేను చుట్టూ ఆముదం వేశాను, మధ్య మధ్య బంతి వేశాను. చిక్కుడు పందిరి పీకి నీ పుల్లలు నేనే మళ్లీ పాతాను. అవి కాస్త అటూ ఇటూ అయి ఉండొచ్చు, నన్ను తప్పుపట్టకు.

తూర్పు గట్టు అవతలావిడ కూడా చేరింది, ఆ ఒంటి మనిషి, మొగుడు పోయినావిడ. "నువ్వున్నావనే వస్తున్నా వదినా" అంది. ఆ మాటతో నా మీద బరువు పడింది.

వదిన


పట్నం,
ఆఫీసు మేడ మీద గది

వదినా,

గొడుగాయన పురుగుకి నువ్వు కొట్టే కషాయం గురించి చెప్పిందే చెప్తున్నాడు. వెల్లుల్లీ మిరపకాయా అంత మెత్తగా నూరేవాళ్లు ఈ చుట్టుపక్కల లేరట. పక్క ఊరి వాళ్లని తీసుకొచ్చి నీ చేను చూపిస్తానంటున్నాడు. ఆ మాట వినగానే మా అమ్మే గుర్తొచ్చింది, తన పని తను చేసుకుపోతూ పొగిడితే విసుక్కునేది.

ఇదంతా రాసి కాసేపు ఆగాను. రాయాల్సింది ఇది కాదు.

పడమటి మూలన, పుల్లలకి లోపల, ఆకులు మరీ శుభ్రంగా ఉన్నాయట. పేనుబంక లేదు, మంచిదే. దాన్ని తినే అక్షింతల పురుగూ లేదు. ఆకుల మధ్య ఒక్క సాలీడు కూడా లేదు. మిగతా చేనంతా గూళ్లు కట్టుకుని ఉన్నాయి, ఆ మూల మాత్రం తుడిచేసినట్టుంది. కషాయానికి సాలీళ్లన్నీ ఒక్కసారి పోవు వదినా. ఇది నాకూ తెలుసు, ఇన్నేళ్లుగా ఈ పనిలోనే ఉన్న గొడుగాయనకీ తెలుసు.

నువ్వేమైనా కొట్టావా? పురుగు చూసి కంగారుపడి, ఆ ఒక్క మూలే కదా అనుకుని? కోపగించుకోవన్న ధైర్యంతో అడగట్లేదు. కోపగించుకుంటావని తెలిసే అడుగుతున్నాను.

చిట్టి


ఇంటి దగ్గర్నుంచి

ఆడపడుచు గారికి,

మీరు అడిగిన దానికి జవాబు. మేము ఏ మందూ కొట్టలేదు. పడమటి గట్టు అవతలాయన కొడతాడు. గాలి అటునుంచే వీస్తుంది. గాలికి పుల్లలు కనపడవు.

మీ మనిషి వెళ్తూ వెళ్తూ ఆ మూలనున్న ఆకులు తుంచి కవర్లో వేసుకోవడం నేను చూశాను. మీ ఉత్తరంలో సాలీడు గురించి ఉంది, పురుగు గురించి ఉంది, మీ అమ్మగారి గురించి కూడా ఉంది. ఆ కవరు గురించి ఒక్క ముక్క లేదు. అనుమానం ఉన్నవాళ్లు అడగొచ్చు. ముందే తేల్చుకోవడానికి ఆకులు తెప్పించుకుని, తర్వాత ఏమీ తెలియనట్టు అడగడం ఎందుకో మీకే తెలియాలి.

మీ అన్నయ్య గారు కులాసా.

ఇట్లు,
మీ వదిన


పట్నం,
నా గది

వదినా,

నువ్వు నన్ను "మీరు" అన్నావు. కొత్తగా వచ్చిన రోజుల్లో నా తల దువ్వుతూ, చిక్కు తీస్తే ఏడుస్తున్నానని వీపు మీద ఒక్కటి వేసినదానివి. ఆ ఉత్తరంలో కోపం ఉంటే భరించేదాన్ని. అందులో కోపం లేదు. నా మొహాన తలుపేసి అవతల నిలబడి రాసినట్టుంది. అప్పుడే అనుకున్నాను, నువ్వేదో దాస్తున్నావని.

ఆకుల సంగతి చెప్పకపోవడం తప్పే. నీ జవాబు ముందు చూసి, ఆకులేం చెప్తాయో తర్వాత చూద్దామనుకున్నాను. అది నిఘాయే, వేరే పేరు లేదు.

పరీక్షలో ఆకుల మీద మందు ఉందని తేలింది. గాలికి వచ్చి పడిందో, మనమే కొట్టామో మాత్రం చెప్పలేమన్నారు.

అన్నయ్యకి ఫోన్ చేశాను. ముందు గాలే అన్నాడు. ఆ తర్వాత అన్నాడు: "నాకేం తెలుసు చిట్టీ. పాక తాళం మీ వదిన దగ్గరే ఉంటుంది. తనెప్పుడేం చేస్తుందో నేను కాపలా కాస్తానా? నేనన్నానని మాత్రం అనకు."

నేను నమ్మలేదు. నమ్మలేదని రాస్తూనే ఒక పక్క నమ్ముతున్నాను కూడా. అదీ నిజమే.

ఇన్ని రాశాక ఇదీ రాస్తాను. గొడుగాయన కొలవడానికి రాకముందే హద్దులు చూడ్డానికి నేనూ ఒకసారి వచ్చాను, నువ్వు ఇంట్లో లేని రోజున. గట్టు మీద నడుస్తూ, వాటా అడిగితే నాకు ఏ పక్క వస్తుందా అని ఒక్క క్షణం అనుకున్నాను. ఆ క్షణాన్ని పట్టుకుని నువ్వు నన్ను తిడితే నేనేం అనలేను.

ఇంకొన్నాళ్లలో పత్తికి బండి వస్తుంది. నువ్వు గాలి అంటే గాలి అనే రాసేస్తాను. కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు. నిజం ఏమిటో నువ్వే చెప్పు.

చిట్టి


ఇంటి దగ్గర్నుంచి,
పత్తి తీతలు మొదలయ్యాక

చిట్టీ,

తాళం నా దగ్గర ఉందన్నారా?

పాకకి తాళమే లేదు. నువ్వు ఈ ఇంట్లో ఉన్నప్పుడు ఉండేదేమో. అది తుప్పు పట్టి ఎప్పుడో విరిగిపోయింది. ఇప్పుడు గొళ్లేనికి పుల్ల గుచ్చుతాం. ఎవరైనా తీస్తారు, గాలికి కూడా తెరుచుకుంటుంది.

మొదట్నుంచీ చెప్తాను. కాయల్లో గులాబీ పురుగు కనపడిన వారం మా పెద్దమ్మని చూడ్డానికి ఆస్పత్రికి వెళ్లి అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి మీ అన్నయ్య చొక్కా తీగ మీద ఆరుతోంది. ఆయనే ఉతుక్కున్నారు. పెళ్లయినప్పట్నుంచీ తన జేబురుమాలు కూడా తను ఉతుక్కోని మనిషి. ముందు నాకు ఇంకేదో అనుమానం వచ్చింది. నవ్వకు. దగ్గరికెళ్లి వాసన చూశాను. సబ్బు వాసన కింద ఆ వాసన ఉంది. ఇన్నేళ్లు ఆ మందు నీళ్లు మోసిన దాన్ని, నాకు తెలియదా? పాకలోకి వెళ్లి చూస్తే నేను బోర్లించిన డబ్బా నిలబెట్టి ఉంది.

నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. అలాగే కూర్చుని అన్నం తిన్నాం. "మీ పెద్దమ్మకి ఎలా ఉంది?" అన్నారు. "పర్లేదు" అన్నాను. నువ్వు అడిగినప్పుడు కూడా ఆయన్ని బయటపెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. అందుకే గాలి మీదకి తోశాను. "మీరు" అని రాస్తే నువ్వు అలిగి ఇంక అడగవనుకున్నాను.

నేనిక్కడ గాలి గాలి అని రాస్తుంటే, అక్కడ ఈ మనిషి తాళం పేరు చెప్పి నన్ను చూపిస్తున్నాడు. ఈ ఉత్తరంలో గౌరవం తగ్గుతోంది, ఏమనుకోకు.

ఇంకోటి విను. నువ్వు వాటాకి వస్తున్నావని నాకు చెప్పిందెవరు? గొడుగాయన రాకముందే, ఒకరోజు పశువులకి నీళ్లు పెడుతూ అన్నాడు. "చిట్టి ఊరికే రాదు. దాని మనసులో ఏదో ఉంది. నేను అన్నని, కాదనలేను. నువ్వు గట్టిగా వద్దంటే ఆగుతుంది." అది నా మంచికే అనుకున్నాను. నేను ఒప్పుకోవట్లేదని నీతో అన్నదీ ఆ రోజుల్లోనే. ఇప్పుడు నీ ఉత్తరాలూ నా బుర్రా పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తోంది.

నువ్వు గట్టు మీద ఏం అనుకున్నావో దానికి నేను తిట్టను. నేనైతే ఒక్క క్షణంతో ఆపేదాన్ని కాదు.

వదిన


పట్నం,
నా గది

వదినా,

నీ ఉత్తరం వచ్చినప్పట్నుంచీ అన్నయ్య నాతో అన్న ప్రతి మాటా తిరగేసి చూస్తున్నాను. నాకు కాదని చెప్పలేడు, చదివించిన చెల్లెలి ముందు చిన్నబోతాడు. తనకి భయమని నీకూ చెప్పలేడు. నీ చేత వద్దనిపించి, నేను వెనక్కి తగ్గితే తన మీదకి ఏమీ రాదనుకున్నాడు. నువ్వేమో సరేనన్నావు. అక్కడ ఇరుక్కుపోయాడు.

నా చిన్నప్పుడు ఒక ఏడు పురుగు మొత్తం తినేస్తే, నాన్న కాయలతో సహా చేనంతా పీకించేశాడు. ఆ మొక్కలు ఈడ్చుకొచ్చి కుప్ప వేసింది అన్నయ్యే. ఆ రోజంతా నోరు విప్పలేదు. నేను పొయ్యిలోకి పుల్లలు దొరికాయని సంబరపడ్డాను. ఇదంతా తన తప్పు కొట్టెయ్యడానికి రాయట్లేదు. నాకు కోపం తగ్గలేదు.

గాలి అని రాసేస్తానన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది నీ దగ్గర నిజం రాబట్టడానికి అన్నానో, నిజంగా అలా రాసేదాన్నో నాకే తెలియట్లేదు. తెలిసింది తెలిసినట్టు ఆఫీసులో చెప్తాను. బండి వచ్చే రోజు నేను రావడం బాగోదు, సొంత అన్న పొలం కదా. గొడుగాయన వస్తాడు. నేను చెప్పేలోపు మీ ఇంటినుంచే ఆ మాట వస్తే సంఘం వాళ్లు మీ మొహం చూడగలుగుతారు. మన పత్తి మాత్రం అందరి పత్తిలో కలవకూడదు. ముందు అన్నయ్యతో మాట్లాడు.

చిట్టి


ఇంటి దగ్గర్నుంచి,
బండి వెళ్లిన మర్నాడు

చిట్టీ,

మాట్లాడాను. "పాకలో డబ్బా ఎవరు తీశారు?" అన్నాను. "ఏ డబ్బా?" అన్నాడు. "చొక్కా ఎందుకు ఉతుక్కున్నారు?" అన్నాను. "ఉతుక్కుంటే తప్పా?" అని చెప్పులేసుకుని బయటికి పోయాడు. నేను ఎవరితో ఏం మాట్లాడుతున్నానా అని అప్పట్నుంచి నన్ను కనిపెట్టుకుని ఉన్నాడు. కుట్టుమిషన్ ఆవిడ ఇంటికి వెళ్తుంటే వెనకే వచ్చాడు. అక్కడ జాకెట్టు కొలతలిచ్చి వచ్చేశాను.

నిన్న బడి ముందు బండి ఆగింది. సంఘం వాళ్లు కొన్న కొత్త కాటా తెచ్చి నిలబెట్టారు. ఇన్నాళ్లూ మిల్లు వాళ్ల కాటా చూసి గొణుక్కున్నవాళ్లంతా దాని చుట్టూ చేరి, ముల్లుకేసి చూసి మురిసిపోతున్నారు. గొడుగాయన మూటలు విప్పి చూసి తలూపుతున్నాడు. తూర్పు గట్టావిడ మూట ఎక్కింది, తర్వాత మనది. మీ అన్నయ్య మూట కాటా మీద పెట్టాడు. నేను వెళ్లి దాని మీద చెయ్యి వేశాను.

"ఇది కలపొద్దు" అన్నాను.

సంఘం పెద్దాయన నవ్వాడు. "ఏమ్మా, కాటా మీద నమ్మకం లేదా?"

"కాటాది కాదు. మా పత్తి మందు పడ్డ పత్తి."

కాటా చుట్టూ ఉన్నవాళ్లంతా నాకేసి తిరిగారు. తర్వాత గుసగుసలు మొదలయ్యాయి. బయట ఎక్కువ ధరకి అమ్ముకోవడానికి నాటకం అని ఒకడు. ఆడపడుచు నేర్పి పంపిందని ఒకడు. మందుల కొట్టాయన డబ్బిచ్చి చెడగొట్టమన్నాడని ఇంకొకడు. మనిషికో అనుమానం, అన్నీ నా మీదే. మీ అన్నయ్య నా మోచెయ్యి పట్టుకుని, నవ్వుతున్నట్టు మొహం పెట్టి అందరితో అన్నాడు: "దీనికీ చిట్టికీ పడదు. దాని పేరు పాడు చెయ్యాలని ఇలా. మీరు తూచండి."

నేను ఏడుస్తానేమో అనుకున్నాను. ఏడుపు రాలేదు. మెల్లగానే అడిగాను. "మన పాకకి తాళం ఉందా లేదా? వీళ్లకి చెప్పండి."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయనకి అర్థమైంది. నాకేసి చూశాడు. నువ్వూ నేనూ ఉత్తరాలు రాసుకుంటున్నామని ఆ క్షణంలోనే తెలిసి ఉంటుంది. మోచెయ్యి వదిలేశాడు. మూట కాటా మీంచి దించి పక్కన పెట్టి, "నేనే కొట్టాను. ఒక్క మూలే, మొత్తం కొట్టలేదు" అన్నాడు.

"ఒక్క మూలైతే మందు కాదా?" అని ఎవరో అరిచారు. సంఘం పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. అప్పుడు తూర్పు గట్టావిడ ముందుకొచ్చింది. ఆవిడ అరవలేదు చిట్టీ. అరిచినా బాగుండేది.

"నేను వంగి వంగి పురుగు పట్టిన కాయలు ఏరుతుంటే, గట్టు మీద నిలబడి 'ఓపిక ఉన్న మనిషివమ్మా' అన్నావు కదన్నా. అప్పటికే కొట్టేశావా?"

ఆయన తలొంచుకున్నాడు. ఆవిడ వెళ్లిపోయింది.

మన మూటలు మన ఎడ్లబండి మీదే వెనక్కొచ్చాయి. ఇంటికొచ్చాక ఆయన అరుగు మీద కూర్చుని, "అందరి ముందా?" అన్నాడు. "మీరు నా మీద చెప్పింది చాటుగా కాబట్టి పర్లేదా?" అన్నాను. భోజనానికి లేవలేదు. నేను తిన్నాను.

వదిన


పట్నం,
మిల్లు వెనక కొత్త గది

వదినా,

మిగతావాళ్ల పత్తిలో ఏమీ లేదని తేలింది. అందరిదీ తీసుకున్నారు. అది ముందు చెప్పాలి.

ఆఫీసులో నన్ను కూర్చోబెట్టి, ముందే తెలుసా అని అడిగారు. నాకు ఎప్పుడు అనుమానం వచ్చిందో, ఎప్పుడు తెలిసిందో విడివిడిగా చెప్పాను. నమ్మారో లేదో తెలియదు. మన ఊరి పని నా దగ్గర్నుంచి తీసేసి గొడుగాయనకి ఇచ్చారు. నన్ను మిల్లు వైపు ఊళ్లకి వేశారు, గది కూడా మారాను. సొంతవాళ్లని కాపాడుకుందని కొందరు, సొంతవాళ్లనే పట్టించిందని కొందరు అంటున్నారు. నేను లోపలికి వెళ్తే మాట మారుస్తారు.

అన్నయ్య ఒకసారి ఫోన్ చేశాడు. "వానలు ఎలా ఉన్నాయక్కడ?" అన్నాడు. "ఉన్నాయి" అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

పొలం సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. నాకు వాటా కావాలనిపించిన రోజున ఇద్దరి ముందూ కూర్చుని నోటితో అడుగుతాను. ఈలోపు ఎవరేం చెప్పినా నన్నే అడుగు.

సంఘం మిమ్మల్ని ఏం చేసింది? ఎవరూ నాకు చెప్పరు.

చిట్టి


ఇంటి దగ్గర్నుంచి,
మళ్లీ కాయ దశ

చిట్టీ,

ఆలస్యం చేశాను. రాయడానికి మంచి మాట ఏదైనా దొరుకుతుందేమోనని చూశాను.

సంఘంలో మా గురించి చేతులెత్తారు. తీసెయ్యాలని కొందరు, ఉంచాలని కొందరు. చివరికి మా పొలం మొదటినుంచీ మొదలుపెట్టాలి, సభ్యత్వం ఆయన పేరు మీద కాక నా పేరు మీద ఉండాలి అని తేల్చారు. సాగు చేసేవాళ్ల పేరు చాలట, భూమి ఎవరి పేరునున్నా పర్లేదట. నా మీద నమ్మకంతో ఇచ్చారా, ఆయన మీద కాపలాకి పెట్టారా అని అడిగాను. సంఘం పెద్దాయన "రెండూ అమ్మా" అన్నాడు. ఆ జవాబు నాకు నచ్చింది.

ఆయన చేతులెత్తేటప్పుడు అక్కడే వెనక కూర్చున్నారు. ఇంటికొచ్చి ఆ డబ్బా విరగ్గొట్టారు. నేను చెప్పలేదు. విరగ్గొడితే కొట్లో కొత్తది దొరకదా అని నాకు అనిపించింది, పైకి అనలేదు. ఇంట్లో మాట్లాడుకుంటున్నాం, అవసరం ఉన్నంత మేరకి. తూర్పు గట్టావిడ నాతో మాట్లాడుతుంది. ఆయన ఎదురొస్తే పక్క దారి పడుతుంది.

ఇవాళ పొద్దున నేను పాలు కాస్తుంటే ఆయన పొలం నుంచి వచ్చి వంటగది గుమ్మంలో నిలబడ్డారు. అరచేతిలో చీల్చిన కాయ ఉంది. అందులో పురుగు.

"నాకు భయంగా ఉంది" అన్నారు.

ఇన్నేళ్లలో ఆ మాట ఆ నోట నేను వినలేదు చిట్టీ. పాలు పొంగిపోయాయి. "నాకూ భయంగానే ఉంది" అన్నాను. నిజమే, ఉంది. పొయ్యి ఆపేసి ఇద్దరం వెళ్లాం.

వరస వరసా చూసి పట్టిన కాయలన్నీ ఏరి సంచిలో వేశాం. ఎండెక్కేసరికి ఆయన నడుం పట్టేసింది. అయినా లేవలేదు. తూర్పు గట్టావిడ తన చేలోంచి చాలాసేపు చూసింది. తర్వాత కొంగు బిగించుకుని గట్టు దిగి వచ్చి, ఆయన పక్క వరస పట్టుకుంది. పలకరించలేదు. ఆయన కూడా తలెత్తలేదు. పనిచేస్తూ నా కళ్లు మాత్రం ఆయన చేతుల మీదే ఉన్నాయి, ఎక్కడ వదిలేస్తారోనని. వదల్లేదు.

పోయే ముందు ఆవిడ నన్ను అడిగింది. "రేపు కూడా వస్తాడా?"

నేను నోరు తెరిచేలోపే ఆయన "వస్తానమ్మా" అన్నారు.

ఆవిడ విననట్టే వెళ్లిపోయింది. నేను విన్నాను. వస్తారని నాకింకా నమ్మకం కుదరలేదు. పొద్దున ఆయన కంటే ముందు లేచి చూస్తాను.

వదిన